బీడా, అడవా? నగరం అంచున నూటయాభై ఏళ్ల తగవు

2025 ఏప్రిల్‌లో హైదరాబాదు పడమటి అంచున ఉన్న నాలుగు వందల ఎకరాలకు దేశమంతటా నాలుగు పేర్లు వినిపించాయి. రాష్ట్ర ప్రభుత్వం లెక్కలో అది సర్వే నంబరు 25లోని సర్కారీ భూమి, ఐటీ సంస్థలకు ఇవ్వదగిన స్థలం. రెవెన్యూ రికార్డులో పోరంబోకు. పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులకు నెమళ్లు, జింకలు, నక్షత్ర తాబేళ్లు తిరిగే అడవి. నాలుగో పేరు కంచ గచ్చిబౌలి అన్న ఊరి పేరులోనే ఉంది: కంచ. తెలంగాణ పల్లెల్లో కంచ అంటే పశువులు మేయడానికి వదిలిపెట్టిన గడ్డి భూమి. దున్నింది కాదు, నాటింది కాదు, అలాగని ఎవరికీ పనికిరానిదీ కాదు.

కంచ గచ్చిబౌలిలో రావలసినవి ఇళ్లు కావు, ఆఫీసులు. అయినా అక్కడ లేచిన ప్రశ్నలు, ఏ నగరం అంచునైనా అడవినో తోపునో చదును చేసి ఇళ్లు కడతామన్నప్పుడల్లా లేచేవే. అది అడవేనా? అడ్డుపడుతున్న ఇరుగుపొరుగు వాళ్లు చెట్టు కోసం వచ్చారా, తమ ఫ్లాటు ధర కోసం వచ్చారా? ఇక్కడ వద్దంటే మరి ఎక్కడ? కాలనీ సంఘాలు, కోర్టులు, బిల్డర్లు, అర్థశాస్త్రవేత్తలు, పర్యావరణవాదులు అందరూ కలిసి ఈ చర్చను చిక్కుముడి చేసేశారు. అది ఎక్కడ మొదలైందో చూస్తే ముడి కొంత సడలుతుంది.

కట్టెలు కొట్టే హక్కు నుంచి ‘గ్రీన్ బ్యాన్’ దాకా

లండన్‌కు ఈశాన్యాన ఎప్పింగ్ అడవి ఉంది. అడవి అంచున లౌటన్ అనే ఊరు. చలికాలంలో చెట్ల కొమ్మలు కొట్టి పొయ్యిలోకి తెచ్చుకునే హక్కు ఆ ఊరివాళ్లకు తరతరాలుగా ఉండేది. హక్కు నిలవాలంటే నవంబరు 11 అర్ధరాత్రి ఎవరో ఒకరు వెళ్లి తొలి గొడ్డలి వేటు వేయాలని ఆనవాయితీ. 1860ల్లో ఆ ఊరి భూస్వామి అడవిలో పెద్ద భాగానికి కంచె వేయించాడు. నగరం రైలెక్కి అడవి దాకా వస్తున్న కాలం, ఇళ్ల స్థలాలకు గిరాకీ పెరుగుతున్న కాలం. ఆ భూస్వామే ఊరి చర్చికి మతగురువు కూడా. థామస్ విల్లింగేల్ అనే శ్రామికుడు, అతని కుటుంబం కంచె దాటి ఎప్పటిలాగే కొమ్మలు కొట్టారు. జైలుకీ వెళ్లారు.

ఆ తగవును గెలిపించింది మాత్రం విల్లింగేల్ కాదు. లండన్ నగర కార్పొరేషన్‌కు అడవి హద్దులో ఒక శ్మశానం ఉండేది. ఆ భూమి యజమానిగా కార్పొరేషన్‌కు కూడా అడవిలో పశువులు మేపుకునే ఉమ్మడి హక్కు ఉందని న్యాయవాదులు కనిపెట్టారు. అలా ఒక మహానగర పాలక సంస్థ శ్మశానం పుణ్యమా అని ‘పొరుగువాడు’గా కోర్టుకెక్కింది. 1874లో కంచెలు అక్రమమని తీర్పు వచ్చింది. 1878లో ఎప్పింగ్ అడవి చట్టం వచ్చింది. సుమారు ఆరు వేల ఎకరాలు దక్కాయి.

ఈ కథను పర్యావరణ చరిత్రల్లో విజయగాథగా చెబుతారు. దాని చివరి పేజీ చాలామంది తిప్పరు. అదే చట్టం లౌటన్ వాసుల కొమ్మలు కొట్టే హక్కును రద్దు చేసింది. పరిహారం సొమ్ముతో 1884లో ఊళ్లో ఒక సభాభవనం కట్టారు, దాని పేరు లాపింగ్ హాల్, అంటే కొమ్మలు కొట్టిన హాలు. అడవి నిలిచింది, కట్టెలు పోయాయి, హాలు వచ్చింది. అడవిని కాపాడిన చేతికి అడవి మీద హక్కు మిగలకపోవడం తర్వాత కూడా చాలాసార్లు జరిగింది.

బెర్లిన్‌ది ఇంకో రకం. నగరం పడమట గ్రూనెవాల్డ్ అడవి అంచున అప్పటికే విల్లాల కాలనీ వెలసింది. ప్రష్యా ప్రభుత్వం అడవి ముక్కలను ఇళ్ల స్థలాలుగా అమ్మి ఖజానా నింపుకోవాలని చూసింది. 1904లో అక్కడి పత్రికలు సంతకాల ఉద్యమం నడిపి ముప్పై వేల సంతకాలు సేకరించాయి. పదకొండేళ్ల తర్వాత, 1915లో, బెర్లిన్ ప్రాంత పాలక సంఘం సుమారు పది వేల హెక్టార్ల అడవిని ఐదు కోట్ల మార్కులకు కొనేసింది. కట్టడాలకు ఇవ్వకూడదు, తిరిగి అమ్మకూడదు అన్నది షరతు. ఆందోళన అంతిమంగా ఒక క్రయ దస్తావేజుగా మారింది. అడవిని కాపాడడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకు ఇంత సూటిగా జవాబు చెప్పిన నగరాలు తక్కువ.

ఇక ఈ చర్చకు ఆధునిక రూపం ఇచ్చింది సిడ్నీ. పారమట్టా నది ఒడ్డున హంటర్స్ హిల్ అనే సంపన్నుల పేట. అక్కడ కెల్లీస్ బుష్ అని పన్నెండెకరాల సహజమైన చిట్టడవి మిగిలింది. ఒకప్పుడు లోహం కరిగించే కర్మాగారానికి, ఇళ్లకు మధ్య అడ్డుతెరగా వదిలిన భూమి అది. ఏవీ జెన్నింగ్స్ కంపెనీ అక్కడ ఖరీదైన ఇళ్లు కడతానంది. 1970లో పేటలోని పదమూడు మంది మహిళలు ఒక జట్టుగా ఏర్పడ్డారు. మేయరు, ఎమ్మెల్యే, ప్రీమియరు, అందరి గుమ్మాలూ తొక్కారు. ఎక్కడా పని జరగలేదు. చివరికి వాళ్లు వెళ్లిన చోటు వాళ్ల భర్తలకు కూడా మింగుడు పడి ఉండదు: కమ్యూనిస్టు జాక్ మండీ నాయకత్వంలోని భవన నిర్మాణ కార్మికుల యూనియన్ ఆఫీసు.

యూనియన్ ఒక మెలిక పెట్టింది. పేట మొత్తం మీ వెనక ఉందని బహిరంగ సభలో చూపించండి అంది. ఆరు వందల మంది వచ్చారు. 1971 జూన్‌లో కార్మికులు అక్కడ పని చేయబోమని ప్రకటించారు. యూనియన్‌తో పనిలేని కూలీలను తెచ్చుకుంటానని కంపెనీ అంటే, నగరంలో అదే కంపెనీ కడుతున్న ఆఫీసు భవనం సగంలో ఆగిపోయి కెల్లీస్ బుష్‌కు స్మారకంగా మిగిలిపోతుందని కార్మికులు జవాబిచ్చారు. అదే తొలి ‘గ్రీన్ బ్యాన్’. 1983లో ప్రభుత్వమే ఆ భూమిని కొని జనానికి తెరిచింది.

పేట సంపన్నులకు మేలు చేయడానికి కూలీలు పని మానుకోవడమేమిటని అప్పుడే కొందరు వెక్కిరించారు. కానీ అదే యూనియన్ ఆ తర్వాత ద రాక్స్, వూలూమూలూ వంటి పేద వాడల కూల్చివేతలను కూడా అడ్డుకుంది. 1974 నాటికి నలభైకి పైగా నిషేధాలు అమల్లో ఉన్నాయి. ఆ మరుసటి ఏడాదే జాతీయ యూనియన్ నాయకత్వం రాష్ట్ర శాఖను తన చేతిలోకి తీసుకుని మండీ బృందాన్ని బయటికి పంపింది.

మన దగ్గర: ఒక నిర్వచనం, ఎన్నో స్టేలు

మన దేశంలో ఈ తగవుకు వేదిక వీధి కన్నా ఎక్కువగా కోర్టు. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవిని వేరే పనికి వాడాలంటే కేంద్రం అనుమతి కావాలి. మరి అడవి అంటే? నోటిఫై చేసిన రిజర్వు ఫారెస్టే అడవి అని రాష్ట్రాలు చాలాకాలం సర్దుకుపోయాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సర్దుబాటును తోసిపుచ్చింది. నిఘంటువు ప్రకారం అడవి అనదగినదంతా, యజమాని ఎవరైనా, అడవే అంది. అలాంటి భూములను గుర్తించడానికి నెల రోజుల్లో నిపుణుల కమిటీలు వేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ నెల రోజుల మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి పరిధిని కుదించింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో పాత నిర్వచనాన్నే పాటించమంది.

ఇళ్ల కోసం చెట్లు కొట్టడం మీద దేశంలో పెద్దగా మోగిన ఆందోళన 2018 జూన్‌లో ఢిల్లీది. సరోజినీ నగర్, నౌరోజీ నగర్, నేతాజీ నగర్ సహా ఏడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కాలనీల పునర్నిర్మాణం అది. పాతవి పొట్టి క్వార్టర్లు, మధ్యలో వేపలు, నేరేళ్లు. సుమారు పదమూడు వేల పాత ఇళ్ల స్థానంలో పాతిక వేలకు పైగా కొత్త ఫ్లాట్లు కట్టాలి. అందుకు పదహారు వేలకు పైగా చెట్లు పోతాయన్న లెక్క బయటికొచ్చింది. జనం సరోజినీ నగర్‌లో చెట్లను కౌగిలించుకుని నిలబడ్డారు. హైకోర్టు నరికివేతను ఆపింది. తర్వాత నమూనాలు మార్చుకోవలసి వచ్చింది.

ఇది వట్టి ‘చెట్టా, ఇల్లా’ తగవు కాదు. పథకానికి డబ్బు అందులోంచే రావాలి కాబట్టి నౌరోజీ నగర్‌ను పూర్తిగా వాణిజ్య సముదాయంగా మార్చి అమ్మకానికి పెట్టారు. చెట్టు కొట్టింది గుమాస్తా ఇంటి కోసమా, ఆ ఇంటికి డబ్బు తెచ్చే ఆఫీసు టవరు కోసమా అన్నది నినాదాల హోరులో సరిగా వినపడలేదు.

కాకినాడ ఉదాహరణ ఇంకా ఇబ్బంది పెట్టేది. 2020లో దుమ్ములపేట దగ్గర మడ అడవులను చదును చేసింది గేటెడ్ కమ్యూనిటీ కోసం కాదు, పేదలకు ప్రభుత్వం పంచే ఇళ్ల స్థలాల కోసం. మడలు తుపాను అలల ఉధృతిని తగ్గిస్తాయి, చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరగడానికి చోటిస్తాయి. వాటి మీద బతికేదీ పేదలే. విషయం గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఒక పేదకు ఇల్లివ్వడానికి మరో పేద వలను పణంగా పెట్టిన ఈ కేసులో ‘డబ్బున్నవాళ్ల చెట్ల ప్రేమ’ అనే ఎత్తిపొడుపుకు తావు లేదు.

పర్యావరణవాదుల మాట: నీడ ఊరికే రాదు

ఈ తగవుల్లో వినిపించే మూడు వాదాల్లో మొదటిది అందరికీ తెలిసిందే. నగరం అంచున ఉన్న అడవి వానను పట్టి చెరువులోకి వదులుతుంది, వేడిని తగ్గిస్తుంది, పక్షికి గూడిస్తుంది. దక్కన్‌లో ఈ మాట చెప్పడం కొంచెం కష్టం. ఎందుకంటే ఇక్కడి అడవి సినిమాలో అడవిలా ఉండదు. గుండ్రాళ్లు, వాటి సందుల్లో తుమ్మ, రేగు, సీతాఫలం పొదలు, వేసవిలో ఎండి పసుపెక్కే గడ్డి. చూసినవాడికి బీడులాగే ఉంటుంది. పన్ను రాని నేలనంతా ‘బంజరు’ పద్దు కింద రాసే అలవాటు వలసపాలన నాటిది, నేటికీ పోలేదు. హరిణి నాగేంద్ర బెంగళూరు మీద చేసిన పరిశోధన, అమితా బవిస్కర్ ఢిల్లీ రిడ్జ్ మీద చేసిన పరిశోధన ఇలాంటి భూములకు నగర జీవితంలో ఉన్న లోతైన సంబంధాలను బయటికి తీశాయి.

ఈ వాదం బలహీనత లెక్కల దగ్గర. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2021 నివేదిక ప్రకారం హైదరాబాదులో అటవీ విస్తీర్ణం పదేళ్లలో 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 81.81కి పెరిగింది. నగరవాసి కంటికి కనిపించేది వేరు. ఉపగ్రహం ఒక హెక్టారులో పది శాతం ఆకుపచ్చ గొడుగు ఉందా లేదా అని చూస్తుంది తప్ప అది తోటా, అడవా అని అడగదు. అదే కొలత ప్రభుత్వానికి గొప్ప చెప్పుకోవడానికీ పనికొస్తుంది, పొదల అడవిని లెక్కలోంచి జారవిడవడానికీ పనికొస్తుంది.

ఇళ్లవాదుల మాట: ఏరు దాటిన వాళ్ల అడ్డు

రెండో వాదం అమెరికాలో పదునెక్కింది. 1979లో బెర్నార్డ్ ఫ్రీడెన్ కాలిఫోర్నియా మీద రాసిన పుస్తకంలో పర్యావరణం పేరిట జరిగే వ్యతిరేకత మధ్యతరగతి ఇళ్ల ధరలను పెంచి, కొత్తవాళ్లను నగరానికి ఇంకా దూరంగా నెట్టిందని వాదించాడు. 2001లో విలియం ఫిషెల్ దానికి కారణం చెప్పాడు. చాలామందికి ఉన్న ఏకైక ఆస్తి ఇల్లు, దాని విలువకు బీమా లేదు, అందుకే ఇంటి యజమాని స్థానిక రాజకీయాల్లో కాపలాదారుగా మారతాడు. 2019లో ఐన్‌స్టీన్, గ్లిక్, పామర్ అనే ముగ్గురు పరిశోధకులు మసాచుసెట్స్ పట్టణాల సమావేశాల మినిట్స్ తిరగేశారు. కొత్త ఇళ్ల మీద మాట్లాడినవాళ్లలో సుమారు 63 శాతం వ్యతిరేకులు, 15 శాతం మద్దతుదారులు. మాట్లాడినవాళ్లు వయసులో పెద్దవాళ్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు. రేపు ఆ ఇంట్లోకి రావలసిన మనిషి సభలో లేడు, ఉండే వీలూ లేదు.

ఈ వాదం వట్టి పుస్తకాల్లో ఉండిపోలేదు. 2025 జూన్ చివర్లో కాలిఫోర్నియా, నగరాల లోపలి ఖాళీల్లో కట్టే ఇళ్లను తన యాభై ఐదేళ్ల పర్యావరణ సమీక్షా చట్టం నుంచి చాలావరకు మినహాయించింది.

తెలుగువాళ్లకు దీన్ని వివరించడానికి అమెరికా పరిశోధన అక్కర్లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. వనాన్ని చదును చేసిన కాలనీకి వనం పేరు, రాళ్లు పేల్చిన వెంచరుకు కొండ పేరు పెట్టుకుని, పక్క సర్వే నంబరులో జేసీబీ దిగగానే సంఘం వాట్సాప్ గ్రూపులో ‘ప్రకృతిని కాపాడండి’ అని పెట్టేవాళ్లు లేరనలేం.

అయితే ఈ వాదాన్ని యథాతథంగా హైదరాబాదుకు తెచ్చి అతికిస్తే అతకదు. అక్కడి సమస్య, కట్టనివ్వకపోవడం. ఇక్కడ 2006లోనే అంతస్తుల మీద విస్తీర్ణ పరిమితి ఎత్తేశారు, రోడ్డు వెడల్పుంటే ఎంత ఎత్తయినా లేపవచ్చు. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం దేశంలో పట్టణ ఇళ్ల కొరతను సుమారు 1.88 కోట్లుగా లెక్కగట్టింది. అందులో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ కుటుంబాలదే. అదే కాలంలో, 2011 జనగణన ప్రకారం, పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అడవి అంచున వచ్చే ముప్పై అంతస్తుల టవరు ఆ కొరతలో ఏ మూలను పూడుస్తుందో చెప్పవలసిన బాధ్యత ఇళ్లవాదులదే.

ఉమ్మడి హక్కు మాట: ఎవరి అడవి?

మూడో వాదం పై ఇద్దరినీ అనుమానంగా చూస్తుంది. రామచంద్ర గుహ, మార్టినెజ్ అలియర్ ‘పేదల పర్యావరణవాదం’ అన్నారు: అడవి మీద బతికేవాడు అడవి కోసం నిలబడడం. బవిస్కర్ దానికి ఎదురుగా ‘బూర్జువా పర్యావరణవాదం’ అన్న మాట తెచ్చారు: శుభ్రమైన గాలి, పచ్చని పార్కు పేరుతో మురికివాడను నగరం నుంచి తొలగించడం.

ఈ తేడాను చూపడానికి హర్యానాలోని ఫరీదాబాద్ పక్క ఆరావళి కొండలు చాలు. అక్కడ కాంత్ ఎన్‌క్లేవ్ అనే విలాసవంతమైన కాలనీ ఉండేది. 1992లోనే ఆ భూమిలో చెట్లు కొట్టకూడదని, కట్టకూడదని నోటిఫికేషన్ ఉన్నా ఇళ్లు లేచాయి. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాటిని కూల్చమంది. ప్లాటు కొన్నవాళ్లకు 18 శాతం వడ్డీతో సొమ్ము తిరిగివ్వాలని, ఇల్లు కట్టుకున్నవాళ్లకు 50 లక్షల చొప్పున ఇవ్వాలని చెప్పింది. దగ్గర్లోనే ఖోరీ గావ్ అనే కూలీల బస్తీ. 2021 జూన్‌లో అక్కడి అటవీ భూమిలోని సుమారు పది వేల ఇళ్లను ఆరు వారాల్లో తీసేయమని ఆదేశం వచ్చింది. కోవిడ్ కాలం, వానాకాలం. చేతిలో దస్తావేజు లేనివాడికి వడ్డీ లెక్క ఉండదు కదా. అడవి ఒకటే, చట్టం ఒకటే, కూలిన గోడ తర్వాత దక్కినవి వేరు.

అదే ఆరావళిలో మాంగర్ బనీ ఉంది. గుదరియా దాస్ బాబా పేరిట కొమ్మ విరవకూడదన్న నమ్మకంతో చుట్టుపక్కల గ్రామస్థులు తరాలుగా కాపాడిన వనం. దాని మీద రియల్ ఎస్టేట్ కన్ను పడినప్పుడు గ్రామస్థులు, నగర పర్యావరణ కార్యకర్తలు కలిసి పోరాడారు. 2016లో ప్రభుత్వం అక్కడ కట్టడాలు నిషేధించింది. నమ్మకం, పిటిషన్ చేతులు కలిపిన అరుదైన సందర్భం అది.

పొరుగువాళ్లంతా ఒకే వైపు ఉంటారనీ అనుకోకూడదు. హైదరాబాదు దగ్గరి గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి జీవో 111ను నగర పర్యావరణవాదులు కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆ గ్రామాల రైతుల్లో చాలామంది ఎత్తేయమని ఏళ్ల తరబడి అడిగారు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమది పలకదేమని వాళ్ల ప్రశ్న. నగరం తాగే నీటి ఖర్చు తామొక్కరే ఎందుకు భరించాలన్న ఆ ప్రశ్నకు ఎవరూ సరైన జవాబివ్వలేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 69తో ఆంక్షలు సడలించింది.

పక్కపక్కన పెడితే

మూడు వాదాలూ మూడు వేర్వేరు మనుషులను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాయి. పర్యావరణవాదికి కనిపించేది ఇంకా పుట్టని తరం, ఇళ్లవాదికి ఇంకా నగరానికి రాని కుటుంబం, ఉమ్మడి హక్కువాదికి ఇప్పటికే అక్కడ ఉండి కాగితంలో లేని మనిషి. అందుకే ఒకరి ఆధారాలు మరొకరిని కదిలించవు. ఎప్పింగ్‌లో మొదటివాడు గెలిచి మూడోవాడు ఓడాడు. కాకినాడలో రెండోవాడి పేరు చెప్పి మిగతా ఇద్దరినీ పక్కన పెట్టారు. హంటర్స్ హిల్‌లో మొదటి, మూడో వాదాల మనుషులు కాసేపు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, అందుకే ఆ చిన్న చిట్టడవి ప్రపంచానికి గుర్తుంది.

నాలుగో మనిషి ఒకడున్నాడు. వాడు ఏ వాదానికీ చెందడు, కానీ తరచూ గెలిచేది వాడే: భూమి అమ్మే ప్రభుత్వం. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. నగరం అంచున పెద్ద కమతంగా, ఒకే యజమాని కింద, కొనుగోలుదారుడికి టైటిల్ భయం లేకుండా దొరికేది సర్కారీ భూమే. అది తరచుగా కంచో, గుట్టో, పొదల అడవో అయి ఉంటుంది. బిల్డరుకు అడవి మీద కక్ష ఏమీ లేదు. ఖజానాకు అడవి సులువైన సరుకు, అంతే. 1904 నాటి ప్రష్యాకూ ఇదే లెక్క. పొరుగువాళ్లను ‘అభివృద్ధి నిరోధకులు’ అని పిలిచే ముందు ఈ ఆదాయం సంగతి బహిరంగంగా మాట్లాడుకోవడం న్యాయం.

ఇంకా తేలనివి

నరికిన చెట్టుకు బదులు చెట్టు నాటడం పనిచేస్తుందా? ఢిల్లీలో ఒకటికి పది నాటాలన్నది నియమం. కొట్టకుండా పెకలించి వేరేచోట నాటడం ఇప్పుడు ఇష్టమైన రాజీమార్గం. ఢిల్లీ ప్రభుత్వం 2022లో హైకోర్టుకు ఇచ్చిన లెక్క ప్రకారం, అంతకు ముందు మూడేళ్లలో తరలించిన 16,461 చెట్లలో బతికినవి 5,487, అంటే మూడో వంతు. చెట్టు బతికినా చుట్టూ ఉన్న పొద, పుట్ట, గుండు, కుంట వెంట రావు. ఈ విషయంలో ఆధారాలు ఒక వైపే మొగ్గుతున్నాయని చెప్పవచ్చు.

ఒకచోట ఆపితే ఇళ్లు మరోచోట ఇంకా పెద్ద అడవిని తింటాయా? లండన్ చుట్టూ హరిత వలయం గీశాక ఇళ్లు వలయాన్ని దాటి అవతలకు దూకాయి, జనం ప్రయాణం పొడవైంది. అయినా వలయం లేకపోతే లండన్ ఎలా ఉండేదో ఎవరూ చూపలేరు. ఇది నిజంగా తేలని ప్రశ్న. లోపలి ఖాళీలు ముందు నింపాలన్న మాటను సూత్రంగా అందరూ ఒప్పుకుంటారు, తమ వీధి వచ్చేసరికి ఒప్పుకోరు. ఇరుగుపొరుగు ఉద్యమాల నిజాయితీని తూచడానికి ఈ వ్యాసానికి తోచిన గీటురాయి అదే. అడవిలో వద్దన్న సంఘం, తమ మెయిన్ రోడ్డు మీద పేదల ఫ్లాట్లకు సరేనంటే దాని మాటకు బరువుంటుంది.

ఆందోళన ఎప్పుడూ జేసీబీ వచ్చాకే ఎందుకు మొదలవుతుందన్నది మూడో ప్రశ్న. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టని ఉద్యమకారులను ఎగతాళి చేయడం తేలిక. కానీ ఫలానా సర్వే నంబరు అడవి అవునో కాదో ముందుగా తెలుసుకునే జాబితా పౌరుడి చేతిలో లేదు. విల్లింగేల్ కాలంలో హక్కు గొడ్డలి వేటులో ఉండేది, ఊరందరికీ వినిపించేది. ఇప్పుడది ఎవరూ చూడని ఫైలులో ఉంది.

కంచ గచ్చిబౌలి కథ ఆ ఫైలు కథే. యూనివర్సిటీ 1974లో ఏర్పడినప్పుడు కేటాయించిన రెండు వేలకు పైగా ఎకరాల్లోని ఈ ముక్కను 2003లో ఒక క్రీడా సంస్థకు ఇచ్చారు, 2006లో రద్దు చేశారు. 2024లో సుప్రీంకోర్టు దాకా గెలిచి ప్రభుత్వం వెనక్కి తెచ్చుకుంది. ఇరవై ఏళ్లు కోర్టుల్లో నలిగింది యజమాని ఎవరన్న ప్రశ్న. అక్కడ ఏముందన్న ప్రశ్న ఆ ఇరవై ఏళ్లలో ఏ కాగితం మీదా సరిగా పడలేదు. ఈలోగా మనిషి కాలు పడక పొదలు చెట్లయ్యాయి.

1996లో నెల రోజుల్లో వేయమన్న నిపుణుల కమిటీల సంగతి 2025 మార్చి 4న మళ్లీ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కోర్టు మళ్లీ ఒక నెల గడువిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం మార్చి 15న కమిటీ వేసింది. కమిటీ పని మొదలుపెట్టక ముందే, ఉగాది సెలవుల్లో, మార్చి 30న కంచ గచ్చిబౌలిలోకి యంత్రాలు వచ్చాయి. ఏప్రిల్ 3న కోర్టు వాటిని ఆపేసరికి సుమారు వంద ఎకరాలు చదునయ్యాయి.